తోక గొడుగు, గాజు గొడుగు

తుమ్మికోన అడవి నడుమ ఒక పెద్ద పచ్చిక బయలు ఉంది. దానికి ఒక పక్క వాగు, మరో పక్క ఎర్రమట్టి చెదపుట్టలు. ఆ బయలు చుట్టూ దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, ముళ్ళపందులు, తాబేళ్ళు బతుకుతుండేవి.

అడవిపందుల్లో కోరయ్య పెద్దవాడు. అతని ముక్కు మహా చురుకైనది. మూరెడు లోతున ఉన్న దుంపను కూడా నేల మీద నుంచే వాసన పట్టేవాడు. వాగు ఎండిపోయినప్పుడు ఇసుకలో ఎక్కడ తవ్వితే నీళ్ళు పడతాయో చెప్పేవాడు. అందుకే అడవిలో చాలామంది తిండికోసం అతని వెనకే నడిచేవారు. నడిచినవారెవరూ ఆకలితో తిరిగి వచ్చేవారు కాదు.

కోరయ్యకు నల్లమ్మ అనే చెల్లెలు ఉండేది. నల్లమ్మకు ఒక్కతే కూతురు. ఆ పంది పిల్ల వీపు మీద ఇంకా పసితనపు చారలు పోలేదు. అందరూ దాన్ని చిట్టి అని పిలిచేవారు. చిట్టికి మేనమామ అంటే ప్రాణం. మామ నోట్లోంచి పడిన ముక్క దానికి అన్నిటికన్నా రుచి.

ఎర్రపుట్టల దగ్గర బొరియలో సూదమ్మ అనే ముళ్ళపంది ఉండేది. సూదమ్మది నిదానం. ఏది దొరికినా తిప్పి చూసేది, విరిచి చూసేది, వాసన చూసేది, అప్పుడు తినేది. "సూదమ్మత్త పళ్ళెం ముందు కూర్చుంటే పొద్దుగూకుతుంది" అని కుందేలు పిల్లలు నవ్వేవి. ఆమె కూడా నవ్వి ఊరుకునేది.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. ఇప్పపూలు అయిపోయాయి. దుంపలు అయిపోయాయి. గడ్డి పరకలు కాళ్ళకింద పొడి అయిపోతున్నాయి. దుప్పుల డొక్కలు లోపలికి పోయాయి. చిట్టి నడవలేక మధ్యమధ్య కూలబడుతోంది.

చివరికి ఒక సాయంత్రం ఉరుములు మొదలయ్యాయి. వాన దంచికొట్టింది. మరునాడు కూడా ముసురు పట్టింది. ఆ తరువాత తెల్లవారి చూస్తే పచ్చిక నిండా తెల్లటి పుట్టగొడుగులు!

అవి రెండు చోట్ల లేచాయి. ఎర్రపుట్టల మొదట్లో కొన్ని గుంపులుగా వచ్చాయి. బయలు మధ్యలో మాత్రం ఎవరో గీత గీసినట్టు పెద్ద వలయంగా, లెక్కలేనన్ని వచ్చాయి. రెండూ తెలుపే. రెండూ విప్పిన గొడుగులే. రెండింటికీ గొడుగు అడుగున ఉన్న సన్నటి రేకులు కూడా తెల్లగానే ఉన్నాయి.

జంతువులన్నీ బయలు అంచున గుమిగూడాయి. కోరయ్య ముందుకు వెళ్ళి పుట్టల దగ్గర ఒక గొడుగు వాసన చూశాడు. వలయం దగ్గరికి వచ్చి ఇంకొకటి వాసన చూశాడు.

"రెండూ ఒకటే. పుట్టల దగ్గరివి పంటికిందకు కూడా రావు. ఇక్కడ అందరికీ సరిపడా ఉన్నాయి. రండి!" అన్నాడు.

"ఒక్క నిమిషం ఆగు కోరయ్యా" అంది సూదమ్మ. "నన్ను చూడనీ."

"నా ముక్కు చెప్పాక నీ కళ్ళతో పనేముంది సూదమ్మా?"

"ముక్కు మంచిదే. అయినా చూస్తే పోయేదేముంది?"

ఆమె రెండు చోట్లా ఒక్కో పుట్టగొడుగు చుట్టూ మెల్లగా మట్టి తవ్వింది. కాడ విరగకుండా మొత్తం పైకి తీసింది. పుట్ట దగ్గరి దాన్ని తీయడానికి చాలాసేపు పట్టింది. ఎంత తవ్వినా దాని కాడ కిందికి పోతూనే ఉంది. అది సన్నబడి, ఎలుక తోకలాగా, చెదపురుగుల గూటి దాకా దిగింది. వలయంలోది మాత్రం జానెడు కూడా తవ్వకుండానే ఊడి వచ్చింది. దాని మొదలు ఉల్లిగడ్డలా ఉబ్బి ఉంది. కాడ పైభాగాన చేతికి గాజు తొడిగినట్టు ఒక పొర ఉంది. గోటితో తోస్తే ఆ గాజు పైకీ కిందికీ జరిగింది. గొడుగు మీద అక్కడక్కడ గోధుమరంగు పొలుసులు కూడా ఉన్నాయి.

సూదమ్మ రెండింటినీ పక్కపక్కన పెట్టింది.

"చూడండి. ఇవి రెండూ ఒకటి కావు. ఈ తోక ఉన్నది నాకు తెలుసు. మా అమ్మ ఏటా తొలి వానకి పుట్టల దగ్గర ఇదే తవ్వి పెట్టేది. ఈ గాజు ఉన్నది నాకు తెలియదు. తెలిసినదే తలా కొంచెం తిందాం. ఇవాళ్టికి ప్రాణం నిలబడుతుంది."

"తెలియదు అంటే చెడ్డది అని కాదుగా?" అన్నాడు కోరయ్య.

"మంచిది అని కూడా కాదుగా?"

కోరయ్యకు చిరాకు వేసింది. అందరూ చూస్తున్నారు. ఇంతకాలం తన ముక్కును ఎవరూ అనుమానించలేదు. అతను నాలుగు వైపులా చూశాడు. వలయం అంచున డిప్పయ్య అనే ముసలి తాబేలు కళ్ళు మూసుకుని గాజు గొడుగును తాపీగా నములుతున్నాడు.

"తాతా, వీటిని ఇదివరకు తిన్నావా?" అని అడిగాడు కోరయ్య.

"చిన్నప్పటినుంచీ తింటున్నాను. మెత్తగా ఉంటాయి."

"ఎప్పుడైనా జబ్బు చేసిందా?"

"లేదే!"

కోరయ్య కోరలు బయటపెట్టి నవ్వాడు. "విన్నారా? ఇంతకన్నా ఏం కావాలి?"

"అది తాత కడుపు, కోరయ్యా" అంది సూదమ్మ. "తాత ఎండాకాలమంతా మట్టిలో దూరి తిండి లేకుండా పడుకుంటాడు. మనం పడుకోగలమా? ఆయనకు పడింది మనకూ పడుతుందని ఎవరు చెప్పారు?"

డిప్పయ్య నమలడం ఆపాడు. "అమ్మాయి చెప్పింది నిజమే నాయనా. నా సంగతి నేను చెప్పాను. మీ సంగతి నాకేం తెలుసు?" అన్నాడు.

కానీ ఆ మాట వినేవారు తక్కువ. ఆకలి అందరినీ వలయం వైపు లాగుతోంది. కుందేళ్ళు కొంచెం తటపటాయించి సూదమ్మ వైపు వెళ్ళాయి. దుప్పుల్లో సగం అటు, సగం ఇటు చేరాయి. అడవిపందులన్నీ కోరయ్య దగ్గరే నిలబడ్డాయి.

కోరయ్య ఒక్కో గొడుగునూ పైపైన కొరికి గబగబా తిన్నాడు. కాడల మొదళ్ళు నేలలోనే ఉండిపోయాయి. చిట్టి తల్లి వంక చూసింది. నల్లమ్మ అన్న వంక చూసింది.

"అన్నయ్యా, పసిది. పెట్టమంటావా?"

"నేను వాసన చూశాను కదా! పెట్టు" అన్నాడు కోరయ్య. తానే ఒక గొడుగు కొరికి చిట్టి ముందు పడేశాడు. మామ ఇచ్చిన ముక్క కాబట్టి చిట్టి తోక ఊపుతూ తినేసింది. కూతురి కడుపు నిండాకే తిందామని నల్లమ్మ ఆగింది.

సూదమ్మ తన వైపు వచ్చినవాళ్ళకు తోక గొడుగులు పంచింది. తలా రెండు మూడే వచ్చాయి. తరువాత ఆమె బొరియ ముందున్న తెల్లటి పలకరాయి మీద రెండు రకాల గొడుగులనూ రేకులు కిందికి ఉండేలా బోర్లించింది. గాలికి ఎగిరిపోకుండా మోదుగాకులు కప్పింది.

మధ్యాహ్నం కాకముందే దుప్పి ఒకటి గడ్డిలో కూర్చుండిపోయింది. దాని నోటినుంచి చొంగ కారుతోంది. ఆ వెంటనే ఇంకొకటి కూర్చుంది. పందుల గుంపులో వాంతులు మొదలయ్యాయి. కోరయ్య కడుపులో పేగులు మెలిపెట్టినట్టయింది. నాలుగడుగులు వేసి మోకాళ్ళ మీద పడ్డాడు.

"అన్నయ్యా! చిట్టి లేవడం లేదు!" అని నల్లమ్మ అరిచింది.

చిట్టి పక్కకు తిరిగి పడి ఉంది. వాంతులు, విరేచనాలు ఆగడం లేదు. చారల వీపు వణుకుతోంది. కోరయ్య దాని దగ్గరికి పాక్కుంటూ వెళ్ళాడు. దాని ముఖం వాసన చూశాడు. ఆ ముక్కుకు ఇప్పుడు ఏం చేయాలో తెలియలేదు.

"నీ మాట మీదే కదా పెట్టాను!" అంది నల్లమ్మ ఏడుస్తూ.

సూదమ్మ పరుగున వచ్చింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. "ముందు వీళ్ళని వాగు ఒడ్డు నీడలోకి చేర్చండి. ఎవరికీ ఇంకేమీ తినిపించకండి. ఒంట్లో నీళ్ళన్నీ పోతున్నాయి. గుక్కెడు గుక్కెడుగా నీళ్ళు పట్టండి" అంది.

బాగున్న దుప్పులు పడిపోయినవాటిని తలలతో తోసుకుంటూ వాగు దగ్గరికి తీసుకెళ్ళాయి. కుందేళ్ళు నాచు పీకి నీళ్ళలో ముంచి తెచ్చాయి. నల్లమ్మ ఆ నాచును చిట్టి నోటి మీద పిండింది. మొదట నీళ్ళు పక్కకు కారిపోయాయి. నల్లమ్మ మళ్ళీ పిండింది. అలా పిండుతూనే ఉంది.

మరునాడు ఉదయానికి దుప్పులు లేచి నిలబడ్డాయి. పెద్ద పందులు కూడా తేరుకున్నాయి. కోరయ్య వణుకుతున్న కాళ్ళ మీద లేచాడు. చిట్టి మాత్రం లేవలేదు. ఎండ బాగా పైకి వచ్చాక అది కళ్ళు తెరిచి, "అమ్మా, దాహం" అంది. నల్లమ్మ దాన్ని నాకుతూ ఏడ్చేసింది.

అప్పుడు కోరయ్య సూదమ్మ బొరియ దగ్గరికి వెళ్ళాడు.

"అది విషమని నీకు ముందే తెలుసా?" అని అడిగాడు.

"తెలియదు" అంది సూదమ్మ.

"మరి నువ్వెందుకు తినలేదు?"

"తెలియదు కాబట్టే తినలేదు."

సూదమ్మ పలకరాయి మీది ఆకులు తీసి, రెండు గొడుగులనూ పైకి ఎత్తింది. రాయి మీద గొడుగుల రేకుల నుంచి రాలిన సన్నటి పొడి ఉంది. తోక గొడుగు కింద లేత గులాబీ రంగు పొడి. గాజు గొడుగు కింద పాచి పట్టినట్టు ఆకుపచ్చ పొడి.

జంతువులన్నీ దగ్గరికి వచ్చి చూశాయి. నిన్న పాలలా తెల్లగా ఉన్న గాజు గొడుగు రేకులకు కూడా ఇప్పుడు పచ్చటి ఛాయ వచ్చింది.

"నిన్న రెండూ ఒకే రంగు కదా!" అంది ఒక కుందేలు.

"లేతప్పుడు ఒకేలా ఉంటాయి. అందుకే రంగు చూసి మోసపోతాం" అంది సూదమ్మ. "మొదలు దాకా తవ్వి తీస్తే దీనికి తోక, దానికి గాజు. రాయి మీద బోర్లిస్తే దీనిది గులాబీ పొడి, దానిది పచ్చ పొడి. ఒక్క గుర్తు కలిస్తే చాలదు. అన్నీ కలవాలి. ఇంకో సంగతి. ఈ గుర్తులు ఈ రెండింటికే. రేపు వేరే రకం మొలిస్తే దాని గుర్తులు వేరు. తెలిసినవాళ్ళు చెప్పేదాకా దాన్ని ముట్టుకోకూడదు."

కోరయ్య ఆ రెండు కాడలనూ తిప్పి తిప్పి చూశాడు.

"నేను పైన ఉన్నదే కొరికాను. తేడా అంతా మట్టిలోనే ఉండిపోయింది" అన్నాడు.

ఆ రోజునుంచి తుమ్మికోనలో పుట్టగొడుగును పైపైన కొరికినవారు లేరు. ఎక్కడ కనబడినా మొదలుతో సహా తవ్వి సూదమ్మ దగ్గరికి తెచ్చేవారు. వానలు సాగేకొద్దీ పుట్టల దగ్గర తోక గొడుగులు మళ్ళీ మళ్ళీ లేచాయి. సూదమ్మకు ఏ పూటా తవ్వుకునే పని పడలేదు. ఎవరు ముందు తవ్వినా మొదటి వంతు ఆమె బొరియ ముందే పెట్టేవారు. అడవిలో పళ్ళు పండేదాకా అందరి కడుపులూ అలాగే నిండాయి.

కోరయ్యను ఎవరూ వెలివేయలేదు, ఎవరూ దెప్పలేదు. నేల గట్టిగా ఉన్నచోట కాడలు విరగకుండా తవ్వడానికి అతన్నే పిలిచేవారు. అతను వచ్చి, తవ్వి, పక్కకు జరిగి నిలబడేవాడు. ఏది తినాలో చెప్పేవాడు కాదు. ఎవరూ అడిగేవారు కూడా కాదు.

ఒకనాడు అతనికి వాగు గట్టున తియ్యటి దుంప దొరికింది. దాన్ని తినకుండా నోట కరుచుకుని వచ్చి చిట్టి ముందు పెట్టాడు. చిట్టి ఒళ్ళు చేసింది, చారలు మాసిపోతున్నాయి. అది దుంప వంక చూసింది. మామ వంక చూసింది. దుంపను నోటితో ముట్టుకోకుండా, కాలితో మెల్లగా దొర్లించుకుంటూ సూదమ్మ బొరియ వైపు తీసుకెళ్ళింది.

కోరయ్య దాన్ని పిలవలేదు. అది తిరిగి వచ్చేదాకా అక్కడే నిలబడి ఎదురుచూశాడు.

నీతి: పైకి ఒకేలా కనిపించేవన్నీ ఒకటి కావు. ఇంకొకరికి ఏమీ కాలేదని, తెలియని దాన్ని తినకూడదు, తెలుసని చెప్పి ఇతరులకు పెట్టకూడదు.