పసుపు గిన్నె రాణి, పరామర్శల పేరయ్య

అనగనగా వెదుళ్ళపాడు అని ఒక ఊరు. ఏ యేడు, ఏ తిథి అని అడక్కండి, నాకు తెలీదు. వేళ మాత్రం తెలుసు. పొద్దు నడినెత్తికి రావడానికి సరిగ్గా రెండు గడియలుంది. చిలకమ్మ అనే కోడలు వసారాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

ఏం బియ్యమా? నీకెప్పుడూ తిండి గోలే పాండూ! కొత్త బియ్యం, రాళ్ళెక్కువ. ఏరుతోందన్న మాటే గానీ ఆ పిల్ల చూపు చేట మీద లేదు, లోపల మంచం మీద ఉంది. మంచం మీద మొగుడు గంగరాజు. నాగలి భుజాన వేసుకుని నవ్వుతూ నడిచే మనిషి, ఇప్పుడు తెల్లటి తాటిముంజెలా పడున్నాడు. ఒంట్లో నెత్తుటి చుక్క లేదు.

ఒక్క గంగరాజే అయితే జ్వరం అనుకునేవాళ్ళు. ముందు కుమ్మరి కన్నయ్యకి తలనొప్పొచ్చింది, పాలిపోయాడు, పోయాడు. తర్వాత గానుగ గవరయ్య తమ్ముడికి దగ్గొచ్చింది, పాలిపోయాడు, పోయాడు. తర్వాత సాలె సాంబయ్య తల్లికి నడుం పట్టింది, పాలిపోయింది, పోయింది. ఇప్పుడు గంగరాజు కాలికి ముల్లు గుచ్చుకుంది, పాలిపోయాడు. ఇంకా పోలేదు. ఊ కొడుతున్నారా? మణీ, నువ్వు కళ్ళు మూసుకుని కొడుతున్నావు, అది లెక్కలోకి రాదు.

ఊరికి జబ్బొస్తే ఊరు ఊరుకుంటుందా? ఎవరు తెచ్చారని వెతికింది. చిలకమ్మ మాఘమాసంలో కాపురానికొచ్చింది, జబ్బూ మాఘమాసంలోనే వచ్చింది. ఇంకేం! రక్తపిశాచి ఈ కోడలే అన్నారు. అమ్మవైపు ఏడు తరాలు, అయ్యవైపు ఏడు తరాలు అడిగి మరీ చేసుకున్న పిల్ల. అయినా బయటినుంచి వచ్చిందే కదా అన్నారు. ఈ శుక్రవారం పొద్దుగూకేలోగా పొలిమేర దాటించాలని పెద్దలు తీర్మానించారు. అత్త సూరమ్మ నమ్మిందా అంటే నమ్మలేదు, నమ్మలేదా అంటే నమ్మింది. కోడలు పెట్టిన అన్నం తింటూనే, కోడలు పడుకునే గది గడియ మాత్రం బయటనుంచి వేసేది.

చిలకమ్మకి పొలిమేర దాటడం భయం కాదు. తను దాటితే గంగరాజుకి గుక్కెడు గంజి పోసేదెవరు? అదీ దాని బాధ.

సరిగ్గా అదే శుక్రవారం ఆ ఊరికి రాణి వచ్చింది. పేరు గౌరసాని. చెరువులు తవ్వించింది, తూములు కట్టించింది, పొరుగు రాజు పశువుల్ని తోలుకుపోతే తనే గుర్రమెక్కి వెళ్ళి తోలుకొచ్చింది. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఆవిడకో పిచ్చి. ఎవరు పేరంటానికి పిలిచినా వెళుతుంది. వెళ్ళి పీట మీద కూర్చోదు. గుమ్మం పక్కన నేల మీద గొంతుక్కూర్చుని, పసుపు గిన్నె పట్టుకుని, వచ్చిన ప్రతి ఆడమనిషి కాళ్ళకీ తనే పసుపు రాస్తుంది. చాకలామె కాళ్ళకీ రాస్తుంది, సేనాపతి పెళ్ళాం కాళ్ళకీ రాస్తుంది. మొగుడు పోయిన వాళ్ళని కూడా పిలవకపోతే ఒప్పుకోదు. రాణి అయ్యుండి కాళ్ళు పట్టుకోవడమేంటని మంత్రి ఏడ్చేవాడు. ఏడవనీ అనేది.

ఇప్పుడు చెప్పేది మీ ఇద్దరి దగ్గరే ఉండాలి. ఆ రాణి రక్తపిశాచుల వేటగత్తె. గిన్నెలో పసుపు ఆవిడ ఆయుధం. మనిషి పాదానికి రాస్తే పసుపు పసుపుగానే ఉంటుంది. నెత్తురు తాగేదాని పాదానికి రాస్తే ఎర్రబడి పారాణి అవుతుంది. పూలమ్మే ఆవిడ రూపంలో ఒకదాన్ని పట్టింది, గాజులమ్మే ఆవిడ రూపంలో ఒకదాన్ని పట్టింది, మంత్రసాని రూపంలో ఒకదాన్ని పట్టింది. అలా పదకొండు. ఒక్కదాని గురించీ పైకి చెప్పలేదు. చెబితే మిగతావి జాగ్రత్తపడతాయి, పైగా జనం ఒకరి కాళ్ళు ఒకరు చూసుకుని కొట్టుకుచస్తారు. అందుకే శాసనాల్లో చెరువుల మాటే ఉంటుంది, ఇది ఉండదు.

వెదుళ్ళపాడు పెద్ద చలమయ్య ఇంట్లో పేరంటం. నలభై రెండు మందికి రాణి పసుపు రాసింది. అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఆడవాళ్ళంతా వచ్చారా అని అడిగింది. ఒక్కర్తి తప్ప అన్నారు. ఆ ఒక్కర్తినీ పిలవమంది. చేట పక్కన పెట్టి చిలకమ్మ వచ్చింది. ఊరంతా మెడలు చాచింది. రాణి రాసింది, చూసింది, ఇంకోసారి రాసింది. పచ్చగా, నిగనిగలాడుతూ, బంగారంలా ఉంది పాదం.

రాణి మొహం వాడిపోయింది. నలభై మూడు జతల కాళ్ళు చూసింది, ఒక్కటీ ఎర్రబడలేదు. జబ్బు చూస్తే పిశాచి పనే. మరి పిశాచి ఏది?

అందరూ వాయనాల గొడవలో ఉండగా చిలకమ్మ చేతులు కడుగుతానన్న మిషతో రాణి వెనకాలే పెరట్లోకి వెళ్ళింది.

"అమ్మా, తప్పయితే క్షమించండి. మీరు కాళ్ళకి పసుపు రాయడం లేదు. కాళ్ళని చదువుతున్నారు."

రాణి ఒక్క క్షణం ఆ పిల్లని చూసింది. ఇన్నేళ్ళలో ఆ మాట అన్నవాళ్ళు లేరు. ఉన్న సంగతి చెప్పేసింది. చెప్పి, ఇంకో మాట కూడా చెప్పింది.

"నేను ఆజ్ఞ వేస్తే నిన్ను ఊళ్ళో ఉండనిస్తారు, పిల్లా. కానీ నీ మొగుడు ఉండడు. అతను పోయిన మర్నాడు నిన్నేం చేస్తారో నాకూ తెలుసు, నీకూ తెలుసు."

చిలకమ్మ ఏడవలేదు. ఆలోచించింది. ఆలోచించి, మగవాళ్ళ కాళ్ళు ఎవరైనా చూశారా అని అడిగింది.

రాణి నుదురు కొట్టుకుంది. పదకొండూ ఆడరూపాలే కదాని పన్నెండోదీ ఆడదే అనుకుంది. ఎంత తెలివైన వాళ్ళయినా, ముందు తెలిసిన దాన్ని బట్టే వెతుకుతారర్రా.

అయినా మగవాళ్ళ పాదాలు ఎలా చూడాలి? వాళ్ళు పేరంటానికి రారుగా! చిలకమ్మ చెప్పింది: ఎవరింటికి ఎవరొచ్చినా గుమ్మం దగ్గర కాళ్ళకి నీళ్ళిస్తాం, తడి పాదాలకి గడప పసుపు అంటుతుంది. ఊళ్ళో ప్రతి మగాడి తడి పాదాలూ మా వసారా చూసింది. ఒక్కడివి తప్ప.

ఎవరా ఒక్కడు? పరామర్శల పేరయ్య.

ఈ పేరయ్యంత మంచివాడు ఆ ఊళ్ళో లేడు. ఎవరికి తుమ్మొచ్చినా పావుకోళ్ళు టకటకలాడించుకుంటూ వచ్చేస్తాడు. మంచం పక్కన కూర్చుంటాడు, రోగి మణికట్టు పట్టుకుంటాడు, అయ్యో అంటాడు, అప్పుడే ఏడుస్తాడు. అందరూ బాబాయ్, బాబాయ్ అంటారు. పరామర్శకి వచ్చినవాడికి కాళ్ళకి నీళ్ళివ్వకూడదని ఆ ఊరి ఆచారం. ఇస్తే కష్టాన్ని ఆదరించి ఇంట్లో కూర్చోబెట్టినట్టు. అందుకని పొడికాళ్ళతో వస్తాడు, పొడికాళ్ళతో పోతాడు. గంగరాజు కోసం ముప్ఫైసార్లు వచ్చాడు. వచ్చి వెళ్ళిన ప్రతిసారీ గంగరాజు ఇంకాస్త తెల్లబడ్డాడు. ఏడుపు చూశారు, ఏడుపు వెనక పళ్ళు చూడలేదు.

ఊఁ అనండి. ఆఁ, అలా.

మరి నీళ్ళెలా ఇవ్వాలి? చిలకమ్మ ఉపాయం చూడండి. పరామర్శ కాకుండా చేసేస్తే సరి! ఇంటికెళ్ళి గుమ్మానికి మామిడాకులు కట్టింది. వాకిట్లో ముగ్గేసింది. చింతపండు పులుసు కాచి ఇంతెత్తు పులిహోర కలిపింది. గంగరాజు లేచి కూర్చున్నాడు, పులిహోర తిన్నాడు, ఊరంతా రండహో అని చాటింపు వేయించింది. అబద్ధం కాకూడదని రాణే అతన్ని చేరగిలబెట్టి ఒక ముద్ద నోట్లో పెట్టింది. ఒక్క ముద్దే. కానీ తిన్నాడు.

పొద్దు వాలకముందే జనం వచ్చారు. కోడల్ని వెళ్ళగొడదామన్న వాళ్ళే ముందొచ్చారు, పులిహోర కదా! అందరూ కాళ్ళు కడుక్కుని పెరట్లో విస్తళ్ళ ముందు కూర్చున్నారు. అందరికంటే చివర టకటకమంటూ పేరయ్య వచ్చాడు. మొహంలో కంగారు. సగం తాగిన కుండ చేజారితే ఎవరికుండదు?

"అయ్యో అమ్మాయ్, గంగరాజుకి ఎలా ఉందే?"

"లేచి కూర్చున్నాడు బాబాయ్. కాళ్ళు కడుక్కుని రా."

"పరామర్శకొచ్చినవాడికి నీళ్ళేమిటే, అపశకునం!"

"ఇంకెక్కడి పరామర్శ? మామిడాకులు కనబడ్డం లేదూ? పండగింటికి పొడికాళ్ళతో వస్తే మా ఇంటిని తీసిపారేసినట్టు కాదూ?"

పేరయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. మంచివాడన్న పేరు ఒకటుందాయె, దాన్ని వదులుకోలేడు. నాలుగు చుక్కలు చల్లుకుంటాలే అన్నాడు. ఇంతలో సూరమ్మ బిందెతో వచ్చింది. పాపం ఆవిడకి ఏమీ తెలీదు. పేరయ్యంటే దేవుడు ఆవిడకి.

"అదేంటయ్యా, నా కొడుకు కోసం అన్నిసార్లు తిరిగినవాడివి, నాలుగు చుక్కలేంటి? ఏయ్ పిల్లా, తప్పుకో. నేను పోస్తాను" అని, పావుకోళ్ళు తనే లాగి పక్కన పెట్టి, బిందెడు నీళ్ళూ గుమ్మరించేసింది.

బిందెలో చిలకమ్మ అంతకుముందే పసుపు కలిపింది. పచ్చటి నీళ్ళు పాదాల మీద పడ్డాయి. పడి, ఎర్రబడ్డాయి. పెళ్ళికొడుకు పారాణిలా ఎర్రబడ్డాయి. పేరయ్య వెనక్కి గెంతాడు. తెల్లటి ముగ్గు మీద ఎర్రటి అడుగు పడింది. తలుపు వెనకనుంచి రాణి వచ్చింది. కొప్పులోంచి జానెడు ఇనపమేకు లాగింది. ఆ కొప్పు అంత పెద్దదెందుకో అప్పుడు తెలిసింది చిలకమ్మకి. రోకలి అందుకుని ఒక్క దెబ్బతో మేకుని ఆ అడుగులో దిగేసింది. పేరయ్య కాలు అక్కడే అతుక్కుపోయింది.

లాగాడు, రాలేదు. ఏడ్చాడు. ఈసారి నిజంగా ఏడ్చాడు. ఏడుస్తూ మనిషంతవాడు మూరెడయ్యాడు, మూరెడువాడు జానెడయ్యాడు, జానెడువాడు బొటనవేలంత నల్లటి జలగయ్యాడు. జలగకి మందేంటి? ఉప్పు! చిలకమ్మ వంటింట్లోకి పరిగెత్తి కుండ తెచ్చి గుప్పెడు కల్లుప్పు వేసింది. కరిగి నీళ్ళయిపోయింది. సూరమ్మ ఖాళీ బిందె కింద పెట్టింది.

"ముగ్గు పాడైంది. మళ్ళీ వేస్తాను, నువ్వు లోపలికెళ్ళి వాడికి అన్నం పెట్టవే అమ్మా" అంది. ఆ కోడల్ని ఆవిడ అమ్మా అనడం అదే మొదలు.

పెరట్లో వాళ్ళకేం వినబడలేదు. పులిహోర అంత బాగుంది. పేరయ్య ఏడంటే కాశీకి పోయాడంది రాణి. అదీ ఆవిడ ఆజ్ఞగా చెప్పింది కాబట్టి ఎవరూ మారు మాట్లాడలేదు. చిలకమ్మ జోలికి ఇక ఎవరూ పోకూడదని కూడా అందరి ముందూ చెప్పింది. ఆ సాయంత్రమే పల్లకీ ఎక్కి వెళ్ళిపోయింది. పక్కూళ్ళో ఏదో పేరంటముందిట. అప్పట్నించి మగవాళ్ళ పంక్తిలో కూడా కాళ్ళకి నీళ్ళు తనే పోసేదిట. రాణికి పిచ్చి ముదిరిందన్నారు. అననీ అంది.

గంగరాజు మూడో రోజుకి లేచాడు, ఏడో రోజుకి నాగలి పట్టాడు. పెద్దలు ఒక్కొక్కరే వచ్చి, తప్పయిపోయిందని చిలకమ్మతో చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళారు. అంతా చల్లగా ఉన్నారు. అందుకే చెప్పేది, మనింటి మంచికీ చెడ్డకీ ఎవరొచ్చినా కాళ్ళకి నీళ్ళివ్వండి. ఏడ్చేవాడి కళ్ళే కాదు, కాళ్ళూ చూడండి.

ఇంతే. కథ కంచి బండెక్కింది, మీరు దుప్పట్లోకి ఎక్కండి.

ఏంటే మణీ, ఇంకా నిద్రపోలేదూ? పేరయ్య వాళ్ళింట్లో వాళ్ళు వెతకలేదా అంటావా?

అది తొమ్మిదో రోజున బయటపడింది. కాశీకి వెళ్ళాడని వాళ్ళ తాలూకు వాళ్ళకి కబురు పెడదామని చలమయ్య బయల్దేరాడు. కన్నయ్య ఇంట్లో అడిగితే గవరయ్యకి బాబాయ్ అన్నారు. గవరయ్యని అడిగితే సాంబయ్య మేనమామ అన్నాడు. సాంబయ్యని అడిగితే గంగరాజు వాళ్ళ వైపు అన్నాడు. గంగరాజుని అడిగితే, మీ బావగారనుకున్నానే అని చలమయ్యతోనే అన్నాడు. మాఘమాసం నుంచీ ఆ ఊళ్ళో తిరిగాడు పేరయ్య, ఎవరికీ ఏమీ కాడు.