తప్పెట మారెన్న, సరే అన్న మూడు నోళ్ళు

అనగా అనగా, మన అవ్వల అవ్వలు ఇంకా ఉయ్యాలలో ఊగుతున్న కాలంలో, ఏడుకోనల సీమ అని ఒక సీమ ఉండేది. ఏడు కోనలు, ఏడు ఊళ్ళు, నడుమ ఒక ఏరు. ఆ ఏడు ఊళ్ళకూ చాటింపు తప్పెట ఒకటే. దాన్ని కొట్టేవాడూ ఒకడే. వాడి పేరు మారెన్న.

మారెన్నకు పొలం లేదు, పుట్ర లేదు. ఆలి పెళ్ళైన రెండో ఏడే పోయింది. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక తప్పెట, ఒక గొంతు. ఆ గొంతు ఎట్లాంటిదంటే, ఈ కోనలో పలికితే ఆ కోనలో మేకలు చెవులు రిక్కించేవి. జాతర ఎప్పుడో చాటేవాడు. తప్పిపోయిన ఎద్దు ఎక్కడుందో చాటేవాడు. కాలవకు నీళ్ళు ఎప్పుడు వదులుతారో చాటేవాడు. చాటినందుకు ఈ పూట ఈ ఇంట్లో సంకటి ముద్ద, ఆ పూట ఆ ఇంట్లో సంకటి ముద్ద. గడప బయట కూర్చుని తినేవాడు. ఏడు ఊళ్ళ బిడ్డలూ వాడి దరువుకే తప్పటడుగులు వేసినవాళ్ళు. అందరికీ వాడు మామే.

"మారెన్న చాటినాడంటే నిజమే" అనేవాళ్ళు జనం. వాడికి అంతకు మించిన ఆస్తి లేదు.

ఒక ఏడు వానలు పడలేదు. ఏరు సన్నబడింది. తర్వాత చారికైంది. తర్వాత ఉత్త ఇసకైంది. అప్పుడు రాజధాని నుంచి గుర్రపు రౌతు దుమ్ము లేపుకుంటూ వచ్చాడు.

"మారెన్నా, చాటు. ఎగువ సీమవాళ్ళు మన ఏటికి అడ్డుకట్ట కట్టినారు. ఇంటికొక మగవాడు యుద్ధానికి కదలాల."

మారెన్న ఏమీ అడగలేదు. ఎప్పుడూ అడిగినవాడు కాదు. మీదనుంచి మాట వస్తుంది, వాడు చాటుతాడు. మొదటి ఊళ్ళో చాటాడు, రెండో ఊళ్ళో చాటాడు, ఏడో ఊరి దాకా చాటుకుంటూ పోయాడు. ఎండిన ఏరు అందరి కళ్ళముందే ఉంది. చాటింది మారెన్న. ఇంక నమ్మక ఏం చేస్తారు? ఈటెలు పట్టుకుని బయలుదేరారు. "మామా, ఒక దరువు వెయ్యి, ఊపుగా నడుస్తాం" అన్నారు కుర్రవాళ్ళు. పొలిమేర దాకా దరువేసి వాళ్ళను సాగనంపాడు.

ఒక పంటకాలం గడిచింది. రెండు గడిచాయి. మూడు గడిచాయి. పోయింది మూడువందల మంది. తిరిగొచ్చింది ముప్పైకి లోపే. అందరికన్నా ముందు కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చినవాడు లింగన్న. మారెన్న ఎదురెళ్ళి వాడి భుజం పట్టుకున్నాడు.

"అడ్డుకట్ట తెగ్గొట్టినారా లింగన్నా?"

"యాడిది మామా అడ్డుకట్ట? లేదు. మనకు పడని వాన వాళ్ళకూ పడలేదు. మేం పోయేతలికి వాళ్ళూ ఇసకలో చెలమలు తవ్వుకుని చెంబులతో నీళ్ళు తోడుకుంటా ఉండారు. ఆ చెలమల కాడనే చంపినాం. ఆ చెలమల కాడనే చచ్చినాం."

మారెన్న వాణ్ణి ఇంటిదాకా నడిపించాడు.

ఆ మరుసటి రోజు సుంకులమ్మ ఇంట్లో వాడి వంతు. సుంకులమ్మకు ఇద్దరు కొడుకులు. ఇంటికొకడు చాలన్నా ఇద్దరూ కదిలారు. ఇద్దరూ రాలేదు. అయినా ఆ తల్లి పొయ్యి వెలిగించింది. జొన్నసంకటి కెలికింది. ఆకులో ముద్ద పెట్టి, పక్కన గోంగూర పెట్టి, వాడి ఎదురుగా కూర్చుంది.

"మారెన్నా, ఆ మాట ఎవరిది?"

"మీదనుంచి వచ్చింది తల్లీ."

"మీదనుంచంటే? ఆకాశానికి నోరుండదు కదయ్యా. మాటకు ఒక నోరుండాల. ఆ నోరు ఎవరిది?"

ముద్ద నోటిదాకా వెళ్ళింది, లోపలికి పోలేదు. పుట్టి బుద్ధెరిగాక మారెన్న పస్తు లేచింది ఆ ఒక్క రోజే. తప్పెట భుజానికి వేసుకుని రాజధాని దారి పట్టాడు.

కోటవాకిట కాపలా ముసలాయన అసలు సంగతి చెప్పాడు. రాజుగారు ఎప్పుడో మంచాన పడ్డారు, మాట పడిపోయింది. రాజ్యం నడిపేది ముగ్గురు. మంత్రి విరూపరాయడు, దండనాయకుడు సింగమనాయకుడు, ధాన్యపు కొఠార్లు చూసే తిప్పరసు. యుద్ధం చేద్దామా అని సభలో అడిగితే సరే అన్న నోళ్ళు ఆ మూడే.

మారెన్న మంత్రి వాకిలికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దొరా, శిక్ష వెయ్యడానికి నేనెవణ్ణి? ఒక్కసారి మా ఊళ్ళకు రాండి. సరే అన్న నోరు నాదేనని మా తల్లులకు చెప్పండి. అంతే."

మంత్రి తాంబూలం నములుతూ అన్నాడు: "అప్పుడు తెలిసినంతలో అది సబబే. గడిచిపోయినదాన్ని ఇప్పుడు కెలికితే ఏమొస్తుంది? పో."

మారెన్న దండనాయకుడి వాకిలికి పోయి అదే మాట అడిగాడు.

"అడ్డుకట్ట ఉందని వేగులవాడు చెప్పినాడు. వాణ్ణే అడుగు" అన్నాడు దండనాయకుడు.

"వాడు యాడుండాడు సామీ?"

"యుద్ధంలో చచ్చినాడు."

మారెన్న తిప్పరసు వాకిలికి పోయాడు. అక్కడా అదే మాట అడిగాడు. తిప్పరసు గొంతు తగ్గించి అన్నాడు: "అడ్డుకట్ట ఉందని నేను నమ్మలేదు మారెన్నా. వానలేని ఏడు ఏరు ఎండక ఏమవుతుంది? కాని వాళ్ళిద్దరూ సరే అన్నారు. నేనొక్కణ్ణే వద్దంటే పిరికివాడంటారని సరే అన్నాను."

"ఆ సంగతే వచ్చి చెప్పండి సామీ."

"నా వల్ల కాదు. నన్నొదిలెయ్యి" అని తిప్పరసు తలుపు వేసుకున్నాడు.

మారెన్న రాజధాని సంతకు పోయాడు. తప్పెటకు మంటసెగ చూపించి బిగువెక్కించాడు. నడిసంతలో నిలబడి చాటాడు.

"వినండహో! లేని అడ్డుకట్టను ఉందని ఏడు ఊళ్ళకు చాటిన నోరు నాది. నా పేరు మారెన్న. అడగకుండా చాటినాను. అది నా తప్పు. సరే అన్న నోళ్ళు మూడు. విరూపరాయడు, సింగమనాయకుడు, తిప్పరసు. వాళ్ళు మా తల్లుల ముందుకు రావాలహో!"

మొదటి రోజు భటులు వచ్చి తప్పెట చర్మం చీల్చేశారు. రెండో రోజు వాడు చేతులు చరుచుకుంటూ చాటాడు. భటులు గొంతు మీద కొట్టారు. మూడో రోజు మారెన్న వచ్చాడు గాని, గొంతు రాలేదు. అంత పెద్ద గొంతు గుసగుసైపోయింది. అయినా చాటాడు. ఆ గుసగుస వినాలని బేరాలు ఆపేశారు. గాజులమ్మే ఆమె బుట్ట దించింది. సంతంతా ఊపిరి బిగబట్టి వింది.

"చాటిన నోరు నాది... నా పేరు మారెన్న..."

జనం వెనకాల నిలబడి తిప్పరసు కూడా విన్నాడు. సభలో నోరెత్తడానికి జంకిన మనిషి ఆయన. ఎదురుగా మారెన్న, ఉన్న ఒక్క గొంతునూ పోగొట్టుకుని కూడా, ముందు తన తప్పు చెప్పుకుని ఆ తర్వాతే ఆ ముగ్గురి పేర్లు చెబుతున్నాడు. తిప్పరసు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. చెప్పులు విడిచాడు. జనంలోంచి నడిచి వచ్చి మారెన్న చెయ్యి పట్టుకున్నాడు.

"పద మారెన్నా. దారి చూపించు."

మొదట సుంకులమ్మ ఇంటికే పోయారు. తిప్పరసు గడప బయట కూర్చున్నాడు, మారెన్న కూర్చునే చోటే.

"అమ్మా, సరే అన్న నోరు నాది. నమ్మకుండానే సరే అన్నాను" అన్నాడు.

సుంకులమ్మ ఆయన్ను తేరిపార చూసింది. "నా బిడ్డల పేర్లు తెలుసా నీకు?"

"తెలియదమ్మా."

"పెద్దోడు ఉరుకుందు. చిన్నోడు బుగ్గన్న. పెద్దోడికి కోపమెక్కువ. చిన్నోడికి పెసరట్టంటే ప్రాణం. చెబుతా, వినిపో."

తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. పొద్దువాలే దాకా బిడ్డల ముచ్చట్లు చెప్పింది. మధ్యలో ఆయన ఏడిస్తే, ఏడుపాగేదాకా ఊరుకుని మళ్ళీ అందుకుంది. లేచేటప్పుడు చెంబుతో మంచినీళ్ళిచ్చింది.

అట్లా ఏడు ఊళ్ళు తిరిగారు. బిడ్డ రాని ప్రతి ఇంటి ముందూ తిప్పరసు కూర్చున్నాడు. ఒకచోట ఉమ్మేశారు. ఒకచోట తలుపు తియ్యలేదు. ఒకచోట ఒక ముసలాయన ఆయన భుజం మీద తలపెట్టి ఏడ్చాడు. తిరగడం అయ్యాక తిప్పరసు కొలువు వదిలేశాడు. ఎగువ సీమకు కూడా పోయి ఆ చెలమల దగ్గర నిలబడి అదే మాట చెప్పాడని అంటారు.

దండనాయకుడు పల్లకీలో మొదటి ఊరి పొలిమేర దాకా వచ్చాడు. బారులు తీరి నిలబడ్డ తల్లులను చూశాడు. పల్లకీ దిగకుండానే వెనక్కి మళ్ళాడు. మంత్రి అసలు కదల్లేదు. ఆ తర్వాత ఆ ఇద్దరూ సభలో "సరే" అన్నా "కాదు" అన్నా ఎవరూ చెవిన పెట్టలేదు. పదవులుండీ లేనివాళ్ళయ్యారు.

మారెన్నకు గొంతు మళ్ళీ రాలేదు. అయినా వాడి వంతు ముద్ద ఏ ఇంట్లోనూ తప్పలేదు. మరుసటేడు వానలు పడ్డాయి. జొన్న పాలుపోసుకునే వేళ వాడు సుంకులమ్మ ఇంటి అరుగు మీద తలవాల్చి కన్నుమూశాడు. పాడె మొయ్యడం ఆడవాళ్ళ పని కాదని పెద్దలన్నారు. "వాడి కోసం నడవడానికి మా బిడ్డలు లేరు కదా" అన్నారు తల్లులు. ఏడు ఊళ్ళ తల్లులే భుజాలు మార్చుకుంటూ మోశారు.

ఈనాటికీ ఆ సీమలో తప్పెట మోగితే జనం వెంటనే వినరు. "ఆ మాట ఎవరిది?" అని ముందు అడుగుతారు. చాటేవాడు మాట పుట్టించిన మనిషి పేరు చెప్పి, తన పేరు చెప్పి, ఆ తర్వాతే చాటాలి. పేరు చెప్పకపోతే ఆడవాళ్ళు ఇళ్ళలోకి పోయి తలుపులు వేసుకుంటారు. ఎవరైనా పెద్ద పదవికెక్కితే ఆ ఊళ్ళ ముసలమ్మలు నుదుట బొట్టుపెట్టి ఒకే ఒక్క మాట చెబుతారు:

"సరే అనేముందు చూసుకో నాయనా, ఏడు ఊళ్ళు నడిచే కాళ్ళుండాయో లేదో."