పోలక్క కనిపెట్టిన దెయ్యం

నా పేరు బూదిగాడు. బూడిదరంగు ఎద్దుని. ఈ రోజు నేను గడ్డి మేస్తూ మీతో మాట్లాడుతున్నానంటే అది పోలక్క చలవే. పోలక్క మా ఊరి చాకిరేవులో బట్టల మూటలు మోసే గాడిద. మీరెవరినైనా గాడిద అని తిట్టబోతే ముందు నా కథ వినండి, ఆ తర్వాత మీ నోరు మీ ఇష్టం.

మా కొట్టం అడవికీ వాగుకీ మధ్య ఉంది. అందులో నేను, గేదె నల్లత్త, ఆవిడ దూడ, ఓ పది కోళ్ళు. మొన్నటి వానాకాలం నుంచి నాకో జబ్బు పట్టుకుంది. పొలంలోనో వీధిలోనో ఉన్నట్టుండి కాళ్ళు వణికేవి, నోటి వెంట నురగ వచ్చేది, అక్కడికక్కడే కూలబడిపోయేవాణ్ణి. కాసేపటికి మళ్ళీ మామూలే. ఎందుకో నాకే తెలిసేది కాదు. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

నల్లత్త కంగారుపడి నక్క జిత్తయ్యకి కబురు పెట్టింది. దెయ్యాలు వదిలిస్తాడని జిత్తయ్యకి పేరు. వస్తూనే నా చుట్టూ బూడిదతో గీత గీశాడు, ఏదో మంత్రం గొణిగాడు, తాడుకి కట్టిన కంచుగంట నోట కరుచుకుని ఊపాడు. అంతే, నేను గడగడ వణుకుతూ కూలబడ్డాను.

"చూశావా నల్లమ్మా," అన్నాడు గంట కింద పెట్టి. "నన్ను చూసి లోపలి దెయ్యం ఎలా జడుసుకుందో. మొండిది, ఓ పట్టాన వదలదు. పొద్దు గూకేలోపు వీణ్ణి అడవి అంచున పెద్దబండ దగ్గర వదిలేసి రండి. లేకపోతే రేపు నీ దూడని పట్టుకుంటుంది."

పెద్దబండ వెనక చిరుతపులి ఉంటుందని మా అందరికీ తెలుసు. అది తినగా మిగిలిన ఎముకలు ఎవరు నాకుతారో మాత్రం ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

"నేనేం తప్పు చేశానత్తా?" అన్నాను.

"నువ్వు కాదురా నాయనా, నీలో ఉన్నది చేస్తోంది," అంది నల్లత్త. నా మొహం చూడలేక అటు తిరిగింది. దూడ ఉన్న తల్లి, ఆవిణ్ణి ఏమనగలను?

వాగులోంచి తాబేలు తాత వచ్చాడు. "మనసు సంగతి మనసులోనే వెతకాలి. ఉండండి, చూసి చెబుతా," అని తల డొప్పలోకి లాక్కున్నాడు. మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. వచ్చి, "లోపలంతా చీకటిగా, చల్లగా ఉంది," అన్నాడు.

"జబ్బు నీక్కాదు తాతా, బూదిగాడికి," అంది అప్పుడే మూటలు దింపుకుని వచ్చిన పోలక్క. తర్వాత నా పక్కన చతికిలబడింది. "ఎందుకు వణికావని అడగను, అది నీకూ తెలియదు. ఎప్పుడెప్పుడు వణికావో, అప్పుడు పక్కన ఏముందో చెప్పు చాలు."

గుర్తున్నంతవరకు చెప్పాను. పొరుగూరి మేకల మంద పొలం పక్కనుంచి పోతున్నప్పుడు ఓసారి. వీధిలోకి ఐసు బండి వచ్చినప్పుడు ఓసారి. ఇదిగో, ఇవాళ.

జిత్తయ్య పకపకా నవ్వాడు. "మురికి బట్టలు మోసేదానికి మనసు గురించి ఏం తెలుసు?"

"మురికి గురించి తెలుసు బాబూ. పోని మరక వస్తే మా రేవులో ఎవరూ దెయ్యం అనరు. ఓ మూల చవుడు మట్టి పెట్టి చూస్తారు, ఇంకో మూల నిమ్మరసం పెట్టి చూస్తారు. రెండూ ఒక్కచోటే పోస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? ఇక్కడా అలాగే చేద్దాం. నువ్వు గీత గియ్యి, మంత్రం చదువు, కళ్ళెర్రజెయ్యి. గంట ఒక్కటీ వద్దు."

"గంట లేకపోతే దెయ్యం పలకదు."

"పలక్కపోతే పోనీ. చదువు."

నల్లత్త కొమ్ములు ఆడించింది. జిత్తయ్యకి ఇక చదవక తప్పలేదు. అరగంట సేపు గొంతు చించుకున్నాడు. నేను నెమరేస్తూ పడుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త కునుకు కూడా పట్టింది.

ఆ తర్వాత పోలక్క జిత్తయ్యని కొట్టం వెనక్కి పంపింది. గీత చెరిపేసింది. మంత్రం లేదు, నక్క లేడు. గంట తాడు తనే పళ్ళతో పట్టుకుని ఒక్కసారి ఊపింది. నేను కూలబడ్డాను. నేను తేరుకున్నాక ఇంకోసారి ఊపింది, మళ్ళీ అదే.

"ఏమనుకోకురా తమ్ముడూ, తెలుసుకోవాలి కదా," అంది నా మెడ నాకుతూ. "ఇప్పుడు చెప్పు. మేకల మెడలోనూ గంటే, ఐసు బండికీ గంటే. నీవాళ్ళలో మెడలో గంట ఉన్నవాళ్ళు ఎవరు?"

చుక్కడు. నా జోడెద్దు. వానాకాలంలో వాగు దాటుతుంటే ఇద్దరం బురదలో దిగబడ్డాం. పలుపు తెగి నేను బయటపడ్డాను. వాడు మునిగేదాకా వాడి మెడలో గంట మోగుతూనే ఉంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, తలుచుకోవడం కూడా మానేశాను. ఆ రోజు చెబుతుంటే ఏడుపు ఆగలేదు. నల్లత్త కూడా ఏడ్చింది.

"నీలో ఉన్నది దెయ్యం కాదురా, చుక్కడి మీద బెంగ," అంది పోలక్క.

జిత్తయ్య ఊరుకుంటాడా? వెనకనుంచి వచ్చి అందుకున్నాడు. "నేను చెప్పిందీ అదే. చుక్కడే దెయ్యమై ఆ గంటలో దూరాడు."

"అలాగా గురువుగారూ," అంది పోలక్క ఎంతో వినయంగా. "అయితే ఆ గంట ఊళ్ళో ఉండకూడదు. దెయ్యాన్ని మోసే శక్తి తమరికే ఉంది. మెడలో వేసుకుని తీసుకెళ్ళండి."

కాదంటే తన మంత్రాలన్నీ అబద్ధమైపోతాయి. తాడులో తల దూర్చాడు. నల్లత్త తాడు కొస పళ్ళతో పట్టి గట్టిగా బిగించేసింది.

ఆ రోజు నుంచి పోలక్క రోజూ సాయంత్రం వచ్చేది. అడవిలో ఎక్కడో గంట వినపడగానే నా ముందుకు తవుడు తొట్టి తోసేది. దూరపు చప్పుడు కాబట్టి కొంచెమే వణికేవాణ్ణి, వణుకుతూనే తినేవాణ్ణి. గంట చప్పుడుకి వేట దొరక్క, ఆకలికి తాళలేక జిత్తయ్య రోజుకి కాస్త దగ్గరికి వచ్చేవాడు. గంట వినగానే కోళ్ళు ఎగిరి కొట్టం కప్పెక్కేవి, నేను తవుడు తినేవాణ్ణి. నెల తిరిగేసరికి నా వణుకు పోయింది.

బడి కిటికీ దగ్గర వాలే చిలక ఓ సంగతి చెప్పింది. మనుషులు కూడా వెనకటికి ఇలాంటివాటికి దెయ్యం అనేవారట. తర్వాత తాబేలు తాతలా కూర్చుని ఆత్మ గురించి వాదించుకున్నారట. నూట యాభై ఏళ్ళ కిందట గదుల్లో గంటలూ గడియారాలూ పెట్టుకుని, ఏం చేస్తే మనసు ఏం చేస్తుందో చూసి రాసుకోవడం మొదలుపెట్టారట. దాని పేరు మనస్తత్వశాస్త్రమట. "పోనీలే, వాళ్ళూ రేవు దాకా వచ్చారన్నమాట," అంది పోలక్క.

ఆవిడకి నేనేం ఇచ్చుకోగలను? రేవు గట్టు ఎక్కేటప్పుడు బరువు మూట నా వీపు మీద వేయించుకుంటాను. ఎన్ని మూటలు మోసినా ఆ రుణం తీరదు, తీరకపోయినా నాకు సంతోషమే.

నిన్న మిట్టమధ్యాహ్నం జిత్తయ్య కొట్టం గుమ్మం దాకా వచ్చాడు. గంట మోగింది. నాకు నోరూరింది. ఆత్రంగా ఎదురెళ్ళాను.

"తవుడు తెచ్చావా జిత్తయ్యా?" అని అడిగాను.

పాపం, తోక ముడిచి పారిపోయాడు. వాగు దాటేదాకా గంట వినపడుతూనే ఉంది.

నీతి: అర్థంకానివాణ్ణి దెయ్యం పట్టిందని తరిమేసే ముందు, పక్కన కూర్చుని వాడు ఎప్పుడు వణుకుతాడో చూడాలి.