డాలుగుట్ట నల్లేరమ్మ

పూర్వం కృష్ణకు దక్షిణాన ముల్లగిరి సంస్థానాన్ని ఏలిన దొర గుట్టమీద అమ్మవారికి గుడి కట్టిస్తుండగా, ద్వారబంధం మీది రాయి జారి, రాతిపనివారికి పెద్దయైన వడ్డె సుంకన్న కుడికాలి ఎముక విరిగింది. ఆస్థానవైద్యుడు వచ్చి చూసి, మూడువారాల్లో అతుక్కోకపోతే కాలు తీసేయవలసిందేనని చెప్పి వెళ్ళాడు. గుట్టలెక్కి బతికేవాడికి కాలు తీశాక ఇంకేముంటుంది, చెప్పండి! అతని భార్య తిప్పమ్మకు ఆనాటినుంచి అన్నం సయించలేదు. ఇంటికీ గుట్టకూ తిరుగుతూ, కనబడని తల్లికి మొక్కుతూనే ఉంది.

కోటకావలిలో మర్జాన్ అనే సిపాయి ఉండేవాడు. సముద్రానికి ఆవల హబషీసీమ, ఇప్పుడు మనం ఆఫ్రికా అంటున్నామే, అక్కడ పుట్టినవాడు. గుట్టవాలున బండలమీదికి పాకిన నాలుగుపలకల నల్లేరుతీగను చూడగానే, సొంతూరి చుట్టం ఎదురైనట్టు దానిమీద చెయ్యివేసి ఏడ్చాడట. "అక్కా, మా అడవుల్లోనూ ఇదే తీగ. మనిషికి ఎముక విరిగినా, ఆవుకు కాలు విరిగినా మా అమ్మ దీన్నే నూరి కట్టేది. లేతకాడలు వేయించి పచ్చడీ చేసేది" అని తిప్పమ్మతో చెప్పి, చేతులకు నూనె పూసుకుని, తీగ నూరి పట్టువేసి, వెదురుబద్దలతో బిగించి, ఇరవైయొక్క రోజులు కట్టు కదపవద్దని మరీమరీ చెప్పాడు.

నల్లేరు దురద ఎలాంటిదో పడ్డవాళ్ళకే తెలుసు. సుంకన్న మంచంమీద క్షణం కుదురుగా ఉండలేక అల్లాడిపోయాడు. తొమ్మిదోనాడు మర్జాన్ వచ్చి చూస్తే కట్టు వదులైపోయి, పసరంతా మంచంకింద మడుగుకట్టి ఉంది!

"గచ్చు వేశాక తడపకపోతే గట్టిపడుతుందా మర్జానన్నా? అందుకే పూటకు రెండు చెంబులు పోసుకున్నాను" అన్నాడు సుంకన్న, ఘనకార్యం చేసినట్టు.

ఓరి నీ తెలివి తెల్లారా! ఎముకను గోడ అనుకున్నాడు మహానుభావుడు. నేనూ ఆ వంశంవాణ్ణే కనుక తిట్టే హక్కు నాకుంది.

గడువు పన్నెండు రోజులే మిగిలింది. మర్జాన్ మళ్ళీ తీగ నూరి కట్టి, దొర దగ్గర సెలవు తీసుకుని, ఈటె పక్కన పెట్టుకుని ఆ కాలికే కావలి కూర్చున్నాడు. ఇరవయ్యోనాడు కుంభవృష్టి కురిసి పూరికప్పు కారసాగింది. మర్జాన్ తన డాలు తీసి కాలికి పైగా పట్టి, పొద్దుగూకేదాకా చెయ్యి దించలేదు.

మర్నాడు కట్టు విప్పారు. సుంకన్న లేచి, భార్య భుజం పట్టుకుని, కొంచెం కుంటుతూ గుమ్మందాకా నడిచాడు. తిప్పమ్మ అక్కడే కూలబడి భోరున ఏడ్చింది.

ఆ కాలితోనే గుట్టెక్కి గుడి పూర్తిచేసిన సుంకన్న, అమ్మవారి తలమీద డాలులాంటి గుండ్రటిరాయి నిలిపాడు. అది ఇప్పటికీ ఉంది. గుట్టకు పేరూ దానివల్లే వచ్చింది. విరిగిన ఎముకలవాళ్ళు వచ్చి తల్లికి నల్లేరుకాడ చుడతారు. అభిషేకం మాత్రం లేదు. ఎంతటివారు బిందెతో వచ్చినా గడపదగ్గరే దించిస్తాం. తొలివాన పడిననాడు మర్జాన్ వంశంవాడొకడు వచ్చి, వాన వెలిసేదాకా అమ్మకు డాలు పట్టి నిలబడతాడు. పైన అంత రాయి ఉండగా ఇదెందుకని నిరుడు ఎవరో అడిగితే, "ఆ రాయి పెట్టింది సుంకన్న కదా, మాకు నమ్మకం లేదు" అన్నాడు.