చెవిలో తొలిపేరు

అనగనగా, సముద్రం ఊరికి ఇంకా దూరంగా ఉన్న కాలంలో, మా వైపు ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊరి ఆడవాళ్ళు అడ్డపొగ తాగేవారు. అంటే చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని పీల్చడం. గాలికి నిప్పు ఆరకుండా ఏ మహాతల్లో కనిపెట్టిన ఉపాయం. నిప్పు ఆరలేదు గానీ నోళ్ళు మాడాయి.

చేపలమ్మే ఎర్రయ్యమ్మ నోరూ అలాగే పుండైంది. పుండు కాస్తా రాచపుండైంది. అంతకుముందు చేపలని ఆమె కేకేస్తే మూడు వీధుల తలుపులు తెరుచుకునేవి. కత్తివైద్యుడు వచ్చి, సగం నాలుక తీసేసి ప్రాణం నిలబెట్టాడు. చెయ్యి తిరిగినవాడు. వెళ్తూ వెళ్తూ, "నా పని అయింది. ఇక పాపమ్మ పని" అన్నాడు.

పాపమ్మ అంటే వైద్యుడింట గంజి కాచే మనిషి. కోతపడ్డవాళ్ళ గుమ్మాలు తిరగడమే ఆమె బతుకు.

ఎర్రయ్యమ్మకు గంజి పోస్తే పొలమారేది. దవడ బిగుసుకుపోయింది. మాట ముద్దైంది. ఇవన్నీ ఒక ఎత్తు, కోడలికి నెలలు నిండుతుండటం ఒక ఎత్తు. ఆ ఊళ్ళో పుట్టిన బిడ్డ చెవిలో నానమ్మే పీటమీద కూచుని మూడుసార్లు పేరు చెప్పాలి. చెప్పలేని నానమ్మ పీట దిగి పక్కింటావిడకు చోటివ్వాలి. ఆ పీట దిగడం కంటే చావే నయమనుకుంది ఎర్రయ్యమ్మ.

పాపమ్మ వచ్చింది. పలచని గంజి పారబోసి, చోడిపిండితో అంబలి చిక్కగా కాచింది.

"గెడ్డం గుండెకి, గుటక కడుపుకి, వొదినా" అంది.

ఎర్రయ్యమ్మ గడ్డం వంచి మింగింది. పొలమారలేదు.

పాపమ్మ మళ్ళీ మళ్ళీ వచ్చింది. పళ్ళ మధ్య కొబ్బరీనెలు పెట్టి, వచ్చినప్పుడల్లా ఇంకొకటి కలిపింది. దవడ సడలింది. తెరిచిన నోట్లో కొత్త పుండేమైనా లేచిందేమోనని చూసేది. దాచిన చుట్టలు వెతికి పొయ్యిలో వేసేది. ఎర్రయ్యమ్మ తిట్టేది. తిట్లు అర్థమయ్యేవి కావు కనక పాపమ్మ నవ్వేది.

ఆ తర్వాత మాటకు పూనుకుంది.

"నాలిక నేకపోతే పెదాలు నేవా? నా పేరు పిలు."

రెండు పెదాలూ కలిస్తే చాలు, పలికే పేరు. పలికింది. కోతపడ్డ ప్రతివాళ్ళకూ మొదట తిరిగొచ్చిన మాట అదే.

బిడ్డకు పెట్టాల్సిన ముత్తవ్వ పేరు నూకరత్నం. అది మాత్రం ఎంత పలికినా వంకరే.

"వంకరైనా నీ నోటితోనే సెప్పు. పసిదాని సెవికి వంకర తెల్దు" అంది పాపమ్మ.

ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టేలోపే కబురొచ్చింది. పక్క ఊళ్ళో ఎవరికో అంబలి పట్టడానికి పోతూ వానలో తడిసి, జ్వరం తగిలి పాపమ్మ పోయింది.

పేరు పెట్టేరోజు ఎర్రయ్యమ్మ పీటమీద కూచుని ఏడుస్తూనే ఉంది. చెప్పలేకపోతుందేమోనని పక్కింటావిడ ముందుకు జరిగింది. ఎర్రయ్యమ్మ దిగలేదు. బిడ్డ చెవి దగ్గర వంగింది.

"పాపమ్మ. పాపమ్మ. పాపమ్మ."

మూడుసార్లూ తేటగా పలికింది. ఆ తర్వాతే నూకరత్నం అంది, వంకరగానే. పాపమ్మ మనకేమవుతుందని కొడుకు అడిగాడు. ఎర్రయ్యమ్మ తన నోరు చూపించింది.

పాపమ్మ చేతి అంబలి తాగిన ఇళ్ళన్నీ అదే పట్టుకున్నాయి, ఆపైన ఊరంతా. ఆ ఊళ్ళో సత్రం కట్టించిన దొర పేరేంటని అడగండి, బుర్ర గోక్కుంటారు. పాపమ్మ పేరు మాత్రం పుట్టిన ప్రతిబిడ్డా వింటుంది. ఇప్పటికీ చెవిలో తొలిపేరు ఆమెదే, తర్వాతే బిడ్డది. మగబిడ్డైనా అంతే. కాదన్న నానమ్మను పీట దింపేస్తారు.