బాలాగౌడు తొడలోని గుండు

నిరంజనం ఉద్యోగం మానేసి, భూమి తమ్ముళ్ళకు రాసిచ్చి, గుట్ట మీదున్న గట్టుస్వామి ఆశ్రమానికి వచ్చేశాడు. ఒక్క చెక్కపెట్టెను మాత్రం వదల్లేక వెంట తెచ్చుకున్నాడు. దాని నిండా పాత తూటాలు. మందు తీసేసినవే. కాగితం గొట్టంలో చుట్టినవి, పక్కన మేకులా ముల్లు పొడుచుకొచ్చినవి, పావురం గుడ్డంతేసి సీసపు గుండ్లు. ఒక్కొక్కదాన్నీ దూదిలో పెట్టి దాచుకునేవాడు. ధ్యానానికి కూర్చుంటే కళ్ళ ముందు అవే దొర్లేవి.

చివరికి స్వామి దగ్గరికెళ్ళి గోడు చెప్పుకున్నాడు. అన్నీ వదిలాను గాని ఇదొక్కటి నన్ను వదలడం లేదన్నాడు.

స్వామి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. "ఇంకా ఏమన్నా కావాలా?" అని అడిగాడు.

నిరంజనం సిగ్గుపడ్డాడు. ఇంకొక్కటి కావాలి. లింగాపురం దొర వేట కోసం ఇంగ్లీషు సీమ నుంచి తుపాకీ తెప్పించుకుని, దానికి గుండ్లు కోటలాంటి తన గడిలోనే పోత పోయించేవాడట. చుట్టూ మూడు గీతలు, అడుగున చిన్న గుంట. అలాంటివి మరెక్కడా లేవు. దొర పోయాడు, అచ్చు కూడా పోయింది. ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్క గుండు.

"ఎక్కడుంది?"

"బాలాగౌడు అని, ఒక ముసలాయన తొడలో."

స్వామి చెయ్యి ఆగింది. "అయితే వెళ్ళి ఆయన్నే అడుగు," అన్నాడు.

బాలాగౌడు తాళ్ళెక్కి కల్లు గీసే మనిషి. వయసులో ఉన్నప్పుడు, వేటలో డప్పు కొట్టి మృగాల్ని తోలడానికి దొర మనుషులు వెట్టికి పట్టుకుపోయారు. పొద కదిలిందని దొర కాల్చాడు. పొదలో ఉన్నది బాలాగౌడు. గుండు ఎముక పక్కన ఇరుక్కుపోయింది. తీస్తే కాలే పోతుందన్నారు. ఆ తర్వాత ఆయన మళ్ళీ చెట్టెక్కలేదు.

నిరంజనం నీళ్ళు నములుతూ సంగతి చెబితే ఆయన పడీ పడీ నవ్వాడు.

"దొర నాకిచ్చిన ఇనాము గదొక్కటే సారూ. నేను సచ్చినంక నువ్వే తీస్కో. అందాక నడుమ నడుమ వచ్చి పోతుండు."

నిరంజనం మాట తప్పకుండా వెళ్ళేవాడు. అరటిపళ్ళో, ఆశ్రమంలో కాసిన జామకాయలో పట్టుకెళ్ళేవాడు. చనిపోయిన భార్య గురించీ, తాటిచెట్టు మొవ్వు దగ్గర నిలబడితే కనబడే ఊళ్ళ గురించీ ముసలాయన చెప్పుకుపోయేవాడు. ఇతను ఊ కొడుతూ ఆ తొడ మీది మచ్చను చూస్తూ ఉండేవాడు. నొప్పి పెడుతోందా, లోపల కదిలినట్టుందా అని అడిగేవాడు.

"గుండు మంచిగున్నదా అంటవు గాని, గౌడా నువ్వు మంచిగున్నవా అనవు," అని ఆయన ఎగతాళి చేసేవాడు. నిరంజనం కూడా నవ్వేసేవాడు.

ఆయనకు దగ్గు ఎక్కువైన రోజుల్లో ఆశ్రమంలో నిరంజనం మరింత హుషారుగా కనబడ్డాడు.

చలికాలం చివర్లో, గౌడు దక్కేలా లేడని కబురొచ్చింది. వినగానే నిరంజనానికి తట్టింది చితి. సీసం మంటకు నిలవదు. కరిగి ముద్దయితే గీతలూ ఉండవు, గుంటా ఉండదు. పరుగున వెళ్ళి కాంపౌండర్ ఇస్మాయిల్‌ను లేవదీశాడు. గౌడు మాటిచ్చాడని, నిప్పు పెట్టేలోపు చిన్న గాటు పెడితే చాలని బతిమాలాడు. ఇస్మాయిల్ సణుగుతూనే సంచిలో కత్తి వేసుకున్నాడు.

"ఇంకా బతికే ఉంటే?" అని అడిగాడు దారిలో.

నిరంజనం నడక వేగం పెంచాడు.

వాళ్ళు చేరేసరికి ప్రాణం పోయి చాలాసేపయింది. పాడె కట్టి ఉంది. పొద్దు వాలిపోతోందని వాకిట్లో జనం విసుక్కుంటున్నారు. బాలాగౌడు కూతురు సత్తవ్వ నిరంజనాన్ని చూసి లేచి ఎదురొచ్చింది.

"నా దోస్తు వస్తడు, ఆయన వచ్చేదాంక నన్ను లేపొద్దు అన్నడు సారూ. గందుకే ఆపినం."

అంతలో ఆమె చూపు ఇస్మాయిల్ సంచి మీద పడింది. "డాక్టర్ను గూడ తోల్కొచ్చినవా," అంటూ ఇస్మాయిల్ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. "గింత చేసెటోళ్ళు మాకెవ్వరున్నరు."

ఇస్మాయిల్ మెల్లగా చేతులు విడిపించుకుని సంచిని వీపు వెనక్కి జరుపుకున్నాడు. నిరంజనం ముఖంలోకి చూడలేదు.

నిరంజనం గుండు మాటెత్తకుండా పాడెకు భుజమిచ్చాడు. చితి కాలుతుంటే, తాటిచెట్టు మీంచి ఏ ఏ ఊళ్ళు కనబడతాయని గౌడు చెప్పాడో గుర్తు చేసుకోబోయాడు. ఒక్క పేరూ రాలేదు. బూడిద వైపు వెళ్ళకుండా తిరిగొచ్చేశాడు.

దినాల నాడు పొద్దున్నే సత్తవ్వ మనిషిని పంపింది. మొదటి విస్తరి నాయన దోస్తుకే వేస్తామని, సారు వచ్చేదాకా ఎవరూ తినరని కబురు.

అప్పుడు స్వామి ముందు కూర్చుని అంతా చెప్పాడు, కత్తి సంగతితో సహా.

"వెళ్ళి ఆమెకు నిజం చెప్పేస్తాను స్వామీ. చెప్పకుండా ఆ ఇంట్లో ముద్ద మింగలేను."

"చెబితే ఎవరికి తేలికవుతుంది?"

 

స్వామి లేచి, దండెం మీది కండువా తీసి, దులిపి, అతని భుజాన వేశాడు.

"దోస్తని పిలిచారు. పోయి తిను."