అవ్వ కూలబడ్డ చోట్లు

అయ్యవారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందు అడిగినవాడికే ఒక పని చెప్పేవారు. జవాబు కోసం వచ్చినవాళ్లు బావిలో పూడిక తీసి, "ఇదేం ఖర్మరా బాబూ" అని నడుము పట్టుకుని కూర్చోవడం మా ఆశ్రమంలో మామూలే. పదకొండేళ్లు అక్కడ వంట చూసినవాణ్ణి గనుక, దివాకరయ్యకు కూడా ఏదో పని పడుతుందని నాకు ముందే తెలుసు.

దివాకరయ్య బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి ఆ మధ్యే రిటైరయ్యాడు. మంచివాడే గానీ, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. ఈసారి ఆశ్రమానికి వచ్చిన నలభయ్యో రోజు పొద్దున అయ్యవారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇక్కడ ఉన్నంతసేపూ మనసు చల్లగా ఉంటుంది స్వామీ. ఇంటికి పోయి చెప్పులు విప్పేలోగా నాకూ నా భార్య సుగుణకూ మాటా మాటా పెరుగుతుంది. ముప్ఫయ్యేళ్లుగా ఇదే వరస. ఇల్లు వదిలేసి ఇక్కడే ఉండిపోతాను. సరేనంటారా?"

నిర్ణయం అయిపోయింది, అయ్యవారు ఊఁ అనడమే తరువాయి. ఆయన అనలేదు. "తేనెగుండం కొండ ఎక్కి చాలా కాలమైంది. పొద్దున పోయి చీకటి పడకుండా రావాలి. ఏర్పాట్లు నువ్వు చూడు," అన్నారు.

ఇక చూడాలి మనవాడి సంబరం! రెండు రోజులు కూర్చుని కాగితం మీద టైములు వేశాడు. ఆరింటికి బయలుదేరడం, ఎనిమిదికి వెదురుపొదలు, పదిన్నరకు గుండం, మూడింటికి ఆశ్రమం. మనిషికి రెండు సీసాల నీళ్లు, ఒక పులిహోర పొట్లం. "కండక్టరు ఎవరన్నా?" అని నేను అడిగితే నవ్వలేదు. ఆశ్రమంలో పూలు కట్టే తులసెమ్మవ్వ తానూ వస్తానన్నప్పుడు మాత్రం అతని మొహం ముడుచుకుపోయింది. "అది నిట్టనిలువు కొండ. నీ మోకాళ్లకు ఎందుకవ్వా?" అన్నాడు. "ఆ గుండం చూడకుండా పోతే నా ప్రాణం కొట్టుకుంటాది నాయనా," అంది అవ్వ. అయ్యవారు ఆమె చేతికి ఒక కర్ర ఇచ్చారు.

నలుగురం బయలుదేరాం. దివాకరయ్య సుద్దముక్క పట్టుకుని ముందు నడిచాడు. పైకి దారి చీలిన ప్రతిచోటా, మేం పట్టిన దారి తెలిసేలా చెట్టుకు బాణం గీశాడు. అవ్వ నాలుగడుగులు వేసేది, ఆయాసంతో కూలబడేది. ఏటవాలు మీద ఎవరు కూర్చున్నా కొండకు వీపు పెట్టి, లోయవైపు తిరిగే కూర్చుంటారు. ఆమె అలా కూర్చున్నప్పుడల్లా ఇతను గడియారం చూసుకునేవాడు. "ఇట్లయితే చేరినట్టే!" అని గొణుగుడు. "కొండ యాడికీ పోదులే," అని అవ్వ నింపాదిగా కొంగుతో విసురుకునేది.

గుండం చేరేసరికి పన్నెండు దాటింది. నీళ్లు చల్లగా, తియ్యగా ఉన్నాయి. అవ్వ దోసిలితో తాగి కాసేపు ఏడ్చింది. తిని, కాస్త నడుం వాల్చి, రెండింటికి దిగడం మొదలుపెట్టాం.

గంట దిగాక దారి రెండుగా చీలింది. దివాకరయ్య చుట్టూ ఉన్న చెట్లన్నీ వెతికాడు. ఒక్క బాణమూ లేదు. ఎలా ఉంటుంది? ఎక్కేటప్పుడు అది చీలిక కాదు, పక్కనుంచి ఇంకో దారి వచ్చి కలిసిన చోటు. కలిసే దారిని ఎవడు పట్టించుకుంటాడు? అతను కుడివైపు కొంత, ఎడమవైపు కొంత దిగి చూశాడు. రెండూ ఒకేలా పొదల్లోకి దిగిపోతున్నాయి. చెమటలు కారుతూ పైకి వచ్చాడు. పొద్దు వాలితే ఆ అడవిలో ఎలుగుబంట్లు తిరుగుతాయి. "మిమ్మల్నందర్నీ ముంచేశాను," అంటూ నేలమీద చతికిలబడ్డాడు. నాకూ భయం వేసింది, దాచుకోవడమెందుకు! అయ్యవారికి దారి తెలుసో లేదో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నారు.

అప్పటికి అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఒకసారి కిందికి చూసి, ఎడమదారి పట్టింది.

"ఎక్కడికవ్వా?" అన్నాడు దివాకరయ్య.

"ఇంటికి. పొద్దున ఈడే కదా నేను కూలబడింది! ఆ మద్దిచెట్టు నా కుడిచేతి పక్కన ఉండె, దాని సందులోంచి మన ఆశ్రమం పైకప్పు రేకులు మెరుస్తా కనబడె. ఆ పక్కది గొడ్ల దోవ. మనం దాంట్లోంచి రాలేదు."

తర్వాత రెండు చోట్ల దారి చీలింది. రెండుచోట్లా అవ్వ ముందు పొద్దున తాను కూర్చున్న రాయిని వెతుక్కుంది, ఆ తర్వాతే అడుగు వేసింది. వెలుగు ఉండగానే ఆశ్రమం గేటు తీశాం.

అందరం కాళ్లు కడుక్కున్నాక దివాకరయ్య అయ్యవారి దగ్గరికి వచ్చాడు. "నా ప్రశ్నకు మీరింకా జవాబు చెప్పలేదు స్వామీ."

అయ్యవారు అరికాల్లోని ముల్లు తీసుకుంటూ అడిగారు: "నువ్వు ఇక్కడికి బయలుదేరిన పూట, సుగుణమ్మ వాకిట్లో నిలబడి ఉందా, లోపలే ఉందా?"

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూడలేదు స్వామీ," అన్నాడు.

"రేపు పొద్దున బస్సుకు పో. మళ్లీ రావాలనిపిస్తే, అవ్వలా ఆగి చూసుకుంటూ మెల్లగా రా," అన్నారు అయ్యవారు.